నొప్పి లేని పుండునే అనుమానించండి: నోటి క్యాన్సర్ పరీక్షపై అపోహలు - వాస్తవాలు

“వేడి చేసిందండీ, అంతే.” బుగ్గ లోపల రెండు నెలలుగా పుండు ఉన్నా ఇదే మాట. మెడికల్ షాపులో బి కాంప్లెక్స్ మాత్రలు, పైన పూసే జెల్ తెచ్చుకుంటారు. నొప్పి లేదు కాబట్టి పెద్ద జబ్బు కాదని ధీమా.

ప్రాణం మీదికి తెచ్చేది ఆ ధీమానే. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. మామూలు నోటిపూత అన్నం కూడా తిననివ్వదు గానీ వారం పది రోజుల్లో మానిపోతుంది. ఒకేచోట తిష్ట వేసి, అంచు ఉబ్బి, వేలితో నొక్కితే గట్టిగా తగిలే పుండుతోనే జాగ్రత్త. గీకినా పోని తెల్లమచ్చ కూడా అంతే. ఎర్రమచ్చ అంతకన్నా ప్రమాదం. చెవిపోటు, మింగడం కష్టం కావడం వంటివి మొదలయ్యేసరికి జబ్బు చాలాసార్లు లోతుకు దిగి ఉంటుంది.

గడువు రెండు వారాలు. పదునెక్కిన పన్ను ఒరుసుకుంటుంటే అరగదీయించండి, కట్టుడు పళ్ళు గుచ్చుకుంటుంటే సరిచేయించండి. ఆ తర్వాత రెండు వారాలకీ మానలేదంటే ముక్క పరీక్షే (బయాప్సీ). ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వాడి చూద్దామనుకోవద్దు.

“కత్తి పెడితే పాకుతుందట కదా?” పాకదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అప్పటికే ముదిరి ఉంటుంది, నింద కత్తి మీద పడుతుంది. భయం సహజమే, కానీ జరిగేది చిన్న పని: మత్తు సూది వేసి, పుండు అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క తీసి, అవసరమైతే ఒకటి రెండు కుట్లు వేస్తారు. నడిమధ్య నుంచి తీస్తే చచ్చిన కండే వచ్చి రిపోర్టు తేలకపోవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి.

“స్కాన్ లేకుండా కంటికేం తెలుస్తుంది?” తెలుస్తుంది. తిరువనంతపురంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు కేవలం నోరు చూసి అనుమానం ఉన్నవాళ్ళను డాక్టర్ దగ్గరికి పంపితే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు తగ్గాయని 2005లో తేలింది. పళ్ళు క్లీనింగ్‌కి వెళ్ళినప్పుడే అడగండి, ఐదు నిమిషాలు పట్టదు. పెదవులు తిప్పి, బుగ్గలు సాగదీసి చూడాలి. నాలుకను గాజ్ గుడ్డతో (కట్టు కట్టే పలుచని గుడ్డ) పట్టుకుని రెండు పక్కలా వెనకదాకా చూడాలి. నాలుక కింద ఒక వేలు, గడ్డం కింద ఇంకో చెయ్యి పెట్టి తడమాలి. అంగిలి, గొంతు, మెడ గడ్డలు కూడా. నాలుక పక్కలు వదిలేస్తే సగం పరీక్షే అయినట్టు.

“గుట్కా కాదు, ఉత్త వక్కపొడే.” వక్క ఒక్కటే చాలు, క్యాన్సర్ కారకమే. బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం దాని పనే. మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టకపోతే ఈ వారమే చూపించుకోండి. అలవాటు మానేసి ఏళ్ళయినా పరీక్ష మానొద్దు, ముప్పు తగ్గుతుందే గానీ వెంటనే పోదు.

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది, క్యాన్సర్ అని తేలితే రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. బయట ముక్క పరీక్ష చేయించి ఉంటే రిపోర్టు కాగితమే కాదు, ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనం బ్లాక్ (తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మ) కూడా అడిగి తీసుకెళ్ళండి. అవి లేకపోతే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు.