మైనస్ ఏడు: ఆన్‌లైన్ టేబుల్‌టాప్ టూల్స్‌లో మార్పుల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆన్‌లైన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు ఆడుకోవడానికి టూల్స్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆరేళ్ళుగా సపోర్ట్ చూస్తున్నాను. నేను కూర్చునేది హైదరాబాద్‌లో, మా టూల్ వాడేవాళ్ళలో ఎక్కువమంది ఉండేది అమెరికాలో. వాళ్ళ శనివారం రాత్రి ఆట మనకు ఆదివారం పొద్దున. ఇడ్లీ పళ్ళెం పక్కన ల్యాప్‌టాప్ కనిపించిందంటే ఆ వారం ఏదో రిలీజ్ అయిందని మా ఇంట్లోవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డీఎం అంటారు. మిగతా నలుగురైదుగురు తలా ఒక పాత్రగా ఆడతారు. కత్తి తగిలిందా లేదా, తాళం ఊడిందా లేదా తేల్చేది 20 ముఖాల పాచిక. ఒక్కో కథ, అంటే క్యాంపెయిన్, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. పాత్రకు ఎన్ని హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉన్నాయి, ఏ స్పెల్స్ (మంత్రాలు) వచ్చు, సంచిలో ఏముంది అని రాసుకునే కాగితమే క్యారెక్టర్ షీట్. 1974లో ఆట పుట్టినప్పుడు దాన్ని పెన్సిల్‌తో రాసుకునేవాళ్ళు. ఇప్పుడది బ్రౌజర్‌లోకి వచ్చింది. కాగితం మీద రాసుకున్నదాన్ని మనం నిద్రపోతుండగా ఎవరూ దిద్దరు. బ్రౌజర్‌లోదాన్ని దిద్దగలరు. మాకు పడే తిట్లలో సగానికి మూలం ఇదే.

అపోహ: జనానికి మార్పంటేనే పడదు

మా మీటింగుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. కొత్త డిజైన్ మీద వంద టికెట్లు (ఫిర్యాదులు) పడగానే ఎవరో ఒకరు "అలవాటు పడతార్లే" అంటారు. అందరం తలూపుతాం. తలూపడం సులువు కదా.

2024 ఆగస్టులో డీ అండ్ డీ బియాండ్‌లో, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) పుస్తకాలూ క్యారెక్టర్ షీట్లూ ఉండే ఆ ఆట అధికారిక వెబ్‌సైట్‌లో, ఏం జరిగిందో చూడండి. సెప్టెంబరు 17న, 2014 నాటి రూల్స్‌ను సవరించిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, అంటే ఆటగాళ్ళ రూల్ పుస్తకం, రాబోతోంది. చాలామంది ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నారు. అంటే వీళ్ళు కొత్తది వద్దన్నవాళ్ళు కాదు. అప్పుడు కంపెనీ ఒక ప్రకటన చేసింది: క్యారెక్టర్ షీట్లలో 2014 నాటి స్పెల్స్, మ్యాజిక్ వస్తువుల స్థానంలోకి 2024 వెర్షన్లు వచ్చేస్తాయి, పాతవే కావాలంటే సొంత సరుకు పెట్టుకునే హోంబ్రూ విభాగంలో మీరే మళ్ళీ ఎక్కించుకోండి, అని.

దీని బరువు తెలియాలంటే ఒక్క స్పెల్ చాలు. కాంజ్యూర్ యానిమల్స్ అని ఉంది. 2014 రూల్ ప్రకారం వేస్తే తోడేళ్ళ లాంటివి ఎనిమిది దాకా దిగుతాయి. దేని హిట్ పాయింట్లు దానివే, దేని దెబ్బ దానిదే. 2024 రూల్‌లో అదే పేరు, కానీ వచ్చేది ఆత్మల్లాంటి ఒక జంతువుల గుంపు. అది మైదానంలో కదులుతుంటుంది, దగ్గరికి వచ్చిన శత్రువుకు దెబ్బ తగులుతుంది, అంతే. ఆట నడకకు కొత్తదే మంచిదని నా అభిప్రాయం. పాత పద్ధతిలో ఎనిమిది తోడేళ్ళకూ పాచికలు వేయడం అయ్యేలోపు మిగతావాళ్ళు టీ పెట్టుకుని తాగి రావచ్చు. కానీ రెండేళ్ళుగా ఆ తోడేళ్ళకు పేర్లు పెట్టుకుని ఆడుతున్న అమ్మాయికి నా అభిప్రాయంతో పనేముంది? ఆమె అడిగేది ఒక్కటే: ఈ కథ అయ్యేదాకా నా తోడేళ్ళను నాకు ఉంచండి.

కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. ఈ మార్పు ప్రభావాన్ని తప్పుగా అంచనా వేశామని ఒప్పుకుని పాతవాటిని అలాగే ఉంచింది. ఇప్పుడు వాటి పక్కన లెగసీ (పాతది) అనే ముద్ర కనిపిస్తుంది. అదే జనం కొత్త పుస్తకం కొన్నారు, అదే సైట్‌లో ఆడుతున్నారు. వాళ్ళకు పడనిది కొత్త రూల్ కాదు, ఆట మధ్యలో వేరేవాళ్ళు చెయ్యి పెట్టడం.

అపోహ: అరిచేది ఫ్రీగా వాడేవాళ్ళే, రెండ్రోజులు పోతే వాళ్ళే ఊరుకుంటారు

ఈ ఆటల్లో డబ్బు లెక్క వేరే రకం. టేబుల్‌కి ఒకరు, ఎక్కువగా డీఎం, పుస్తకాలు కొని పెద్ద సబ్‌స్క్రిప్షన్ కట్టి మిగతావాళ్ళకు షేర్ చేస్తారు. లెక్కల్లో ఒక కస్టమర్‌గా కనిపించే మనిషి వెనక ఐదారుగురు ఉంటారు. డీఎం వెళ్ళిపోతే వాళ్ళూ వెళ్ళిపోతారు. పైగా ఫ్రీ అకౌంట్ కదా, వాళ్ళు పోయిన సంగతి మన రిపోర్టుల్లో వెంటనే తెలియదు కూడా.

2023 జనవరిలో ఈ లెక్క వీధిన పడింది. వేరే రచయితలూ ప్రచురణకర్తలూ డీ అండ్ డీ రూల్స్ మీద ఆధారపడి సొంత పుస్తకాలు వేసుకోవడానికి 2000 సంవత్సరం నుంచి ఓపెన్ గేమ్ లైసెన్స్ ఉంది. దాన్ని రద్దు చేసి, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం దాకా రాయల్టీ అడిగే కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. నిజానికి మామూలు ఆటగాడి షీట్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒక్క బటన్ కూడా మారలేదు. అయినా జనం ఎక్కడ నొక్కారు? డీ అండ్ డీ బియాండ్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే బటన్ మీద. పుస్తకం అచ్చువేసేవాళ్ళ మీద కోపమొస్తే కొన్న పుస్తకం వాపసు ఇవ్వలేం. నెలనెలా కట్టే డబ్బును మాత్రం ఆపగలం.

ఆ తర్వాత కంపెనీ సర్దుబాటు మాటలు చెప్పింది, మీరూ గెలిచారు మేమూ గెలిచాం అన్న ధోరణిలో. అది మంటలో నెయ్యి పోసినట్టయింది. సపోర్ట్‌లో కూర్చునేవాడిగా చెబుతున్నాను, తప్పు చేసినవాళ్ళు స్కోరు చెప్పకూడదు. సవరించిన ముసాయిదా మీద సర్వే పెడితే 15,000 మందికి పైగా జవాబిచ్చారు. పాత లైసెన్స్‌ను రద్దు చేయడం నచ్చలేదన్నవాళ్ళు అందులో 89 శాతం. జనవరి 27న మొత్తం వెనక్కి తీసుకున్నారు. పాత లైసెన్స్‌ను ముట్టుకోమన్నారు, మూల రూల్స్ పత్రాన్ని ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేశారు. అలా ఇచ్చాక దాన్ని తిరిగి తీసుకోవడం ఇక కుదరదు. ముసాయిదా పొక్కిన దగ్గర్నుంచి లెక్కేస్తే నెల కూడా పట్టలేదు.

అపోహ: డబ్బు పెట్టి కొన్నాను, కాబట్టి నాదే

ఇది వాడేవాళ్ళ వైపు అపోహ. పాపం, బాధ కలిగించేదీ ఇదే.

డీ అండ్ డీ బియాండ్‌ను 2017లో మొదలుపెట్టింది కర్స్ అనే కంపెనీ. 2018 చివర్లో ఫ్యాండమ్ చేతికి వెళ్ళింది. 2022లో డీ అండ్ డీ యజమాని అయిన హాస్‌బ్రో 146.3 మిలియన్ డాలర్లకు కొన్నది. మొదటి రోజు నుంచీ అక్కడ పుస్తకాలు కొంటున్నవాళ్ళ బీరువా ఈపాటికి మూడిళ్ళు మారింది. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. 2024 వసంతంలో కొత్త మార్కెట్‌ప్లేస్ తెచ్చినప్పుడు విడివిడిగా ఒక స్పెల్, ఒక సబ్‌క్లాస్ (పాత్ర వృత్తిలో ఒక శాఖ) కొనుక్కునే వీలు తీసేశారు. అప్పటికే కొన్నవి పోలేదు. కానీ ఒక్క సబ్‌క్లాస్ కోసం పుస్తకం మొత్తం కొనాల్సి వచ్చింది. రెండు టమాటాలు చాలన్నవాడికి బుట్ట అంటగట్టినట్టు.

ఇంకా పాత కథ ఒకటుంది. డీ అండ్ డీ 4వ ఎడిషన్ రోజుల్లో పాత్రలు తయారుచేసుకునే క్యారెక్టర్ బిల్డర్‌ను సొంత కంప్యూటర్‌లో దించుకునేవాళ్ళు. చందా ఆగినా దించుకున్నంత వరకు పనిచేసేది. 2010 నవంబరులో దాన్ని పక్కనపెట్టి సిల్వర్‌లైట్ అనే బ్రౌజర్ ప్లగిన్ మీద నడిచే వెబ్ వెర్షన్ తెచ్చారు. నెట్ ఉండాలి, చందా నడుస్తుండాలి. కాలక్రమంలో సిల్వర్‌లైటే పాతబడిపోయింది. 2020 జనవరి 1న ఆ టూల్స్ మూతపడ్డాయి. పాత దింపుకోలు దాచుకున్నవాళ్ళ పాత్రలు మాత్రం మిగిలాయి.

ఈ రంగంలో మనం కొనేది చూసే హక్కు, అది కూడా దుకాణం తెరిచి ఉన్నంతకాలం. క్యాంపెయిన్ నడుస్తుంటే నెలకోసారి షీట్లను పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. నేను నా ఆటకు అదే చేస్తాను.

అపోహ: సొంత సర్వర్ మీద నడుపుకుంటే ఈ టెన్షన్ ఉండదు

సగం నిజం. ఫౌండ్రీ అనే టూల్‌ను ఒక్కసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. అప్‌డేట్ చేయాలా వద్దా అన్నది కూడా మన ఇష్టమే. కాకపోతే దానికి తగిలించుకునే మాడ్యూల్స్ రాసేది ఎవరెవరో, చాలావరకు ఖాళీ సమయంలో, ఉచితంగా. పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా వాటిలో కొన్ని పనిచేయవు. ఆట ఉన్న రోజు అప్‌డేట్ బటన్ జోలికి వెళ్ళకండి. ముందు బ్యాకప్, ఆ తర్వాత మీ మాడ్యూల్స్ వచ్చాయో లేదో చూడడం, ఆ తర్వాతే బటన్.

అపోహ: పాతది కూడా ఉంచడానికి ఒక్క స్విచ్ పెడితే సరిపోతుంది

పెట్టొచ్చు. డీ అండ్ డీ లాంటిదే అయిన పాత్‌ఫైండర్ ఆట 2023 నవంబరులో రీమాస్టర్ అయినప్పుడు, అంటే రూల్స్ సవరించి మళ్ళీ వేసినప్పుడు, దాని రూల్స్ పెట్టే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ పాతవీ కొత్తవీ రెండూ ఉంచింది. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. కానీ అది ప్రధానంగా చదువుకునే చోటు. షీట్ అలా కాదు, లెక్కలు కూడా చేస్తుంది. ఒక స్పెల్ పేరు ఎన్నిచోట్ల వేలాడుతుందో చూడండి: క్లాస్ జాబితాలో, మంత్రదండం వివరాల్లో, రాక్షసుడి పేజీలో, ఎవరో సొంతంగా రాసుకున్న హోంబ్రూలో. 2014 క్యూర్ వూండ్స్‌కు 8 ముఖాల పాచిక ఒకటి, 2024 దానికి రెండు. ఒకే పేరుతో రెండూ ఉంటే వెతికినప్పుడు ఏది ముందు రావాలి? 2014 పాత్ర చేతిలో 2024 దండం ఉంటే ఏ పాచిక వేయాలి? ప్రతి ప్రశ్నకూ ఒక మనిషి కూర్చుని జవాబు రాయాలి. ఆ ఖర్చు కంపెనీ భరించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ అది స్విచ్ కాదు.

(టూల్ చేసేవాళ్ళు ఆట ఆడరన్నది ఇంకో అపోహ. మా టీమ్‌లో ఆడనివాళ్ళు ఇద్దరే. మేం చేసే తప్పులు ఆట తెలియక చేసేవి కావు.)

అపోహ: చిన్న మార్పే కదా, చెప్పక్కర్లేదు

ఇది మాదే, నాది కూడా. మా షీట్‌లో హిట్ పాయింట్ల పెట్టెలో -7 అని కొడితే ఉన్నవాటిలోంచి ఏడు తగ్గేవి. ఎప్పుడో ఎవరో పెట్టిన సదుపాయం, ఎక్కడా రాసిపెట్టలేదు. ఒక రిలీజ్‌లో పెట్టెలన్నీ శుభ్రం చేస్తూ "అంకెలు మాత్రమే" అని నియమం పెట్టాం. కొత్త పెట్టె మైనస్ గుర్తును మింగేసి 7 మాత్రమే ఉంచుకుంది. రిలీజ్ నోట్స్ రాసింది నేనే. ఈ సంగతి అందులో లేదు, ఎందుకంటే అలాంటి సదుపాయం ఒకటుందని నాకే తెలియదు.

ఆదివారం పొద్దున మొదటి టికెట్. 52 హిట్ పాయింట్లున్న మరుగుజ్జు యోధుడికి చిన్న దెబ్బ తగిలింది, డీఎం అలవాటుగా -7 కొట్టారు. షీట్‌లో మిగిలింది 7. పోరు హడావిడిలో ఎవరూ గమనించలేదు. తర్వాతి దెబ్బకు యోధుడు పడిపోయాడు, ఆ తర్వాత లేవలేదు. టికెట్ సబ్జెక్ట్‌లో రాసింది ఇదే: మా మరుగుజ్జును మీరు చంపారు.

మధ్యాహ్నానికి అలాంటివి నలభై దాకా వచ్చాయి. "మార్పు ఇష్టంలేని జనం" అని ఎవరైనా అంటారేమో అని చూశాను, ఆ రోజు ఎవరూ అనలేదు. మంగళవారానికి మైనస్ గుర్తు తిరిగి వచ్చింది. దానికి ఇప్పుడు ఆటోమేటిక్ టెస్ట్ ఉంది. అయినా ప్రతి రిలీజ్ ముందురోజు 52 అని ఉన్న పెట్టెలో -7 నేనే చేత్తో కొట్టి, 45 కనిపించాకే సరేనంటాను.