‘నా మెషీన్‌లో పనిచేస్తోంది’: టెస్టర్లు, డెవలపర్ల మధ్య అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికే టెస్టర్లకూ, కోడ్ రాసే డెవలపర్లకూ పడదన్న మాట అత్తాకోడళ్ల జోకుల్లా ఆఫీసుల్లో పాతుకుపోయింది. గొడవ జరిగిన టికెట్లను (ఒక్కో లోపాన్ని నమోదు చేసే రికార్డులను) తీరిగ్గా తెరిచి చూస్తే మాత్రం ఎవరి స్వభావమూ పెద్దగా కనపడదు. ఏ బిల్డో (సాఫ్ట్‌వేర్ ఏ కూర్పో) రాయలేదు, ఏ యూజర్‌తో లాగిన్ అయ్యారో రాయలేదు, ఏం మార్చి ‘ఫిక్స్‌డ్’ అన్నారో రాయలేదు. కింద చెప్పే అపోహల్లో చాలావరకు ఆ ఖాళీల్లో పుట్టినవే.

అపోహ: ‘నా మెషీన్‌లో పనిచేస్తోంది’ అంటే డెవలపర్ తప్పించుకుంటున్నట్టే.

వాస్తవం: ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని టెస్టర్‌కి అనిపించడం సహజం. కానీ ఈ పనిలో చాలాసార్లు మద్దెలే ఓడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, తేడా రెండు మెషీన్ల మధ్య ఉంటుంది.

హైదరాబాద్‌లో డెవలపర్ లాప్‌టాప్ భారత కాలమానంలో నడుస్తుంది, టెస్ట్ సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మధ్యలో అయిదున్నర గంటల తేడా. రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 లోపు పెట్టిన ఆర్డర్‌కి సర్వర్ ముందురోజు తేదీ వేస్తుంది. పొద్దున్నే ‘ఈరోజు ఆర్డర్లు’ రిపోర్టు తెరిస్తే అది ఉండదు. పగలు పదకొండింటికి ఆర్డర్ పెట్టి చూసే డెవలపర్‌కి మాత్రం రిపోర్టు ఎన్నిసార్లైనా సరిగ్గానే వస్తుంది.

అందుకని ఆ మాట అనేముందు కొన్ని పోల్చి చూడాలి. ముందు బిల్డ్ నంబర్. తర్వాత ఫీచర్ ఫ్లాగులు (ఒక్కో సదుపాయాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు), డేటాబేస్ మైగ్రేషన్లు (డేటాబేస్ నిర్మాణంలో చేసే మార్పులు) రెండుచోట్లా నడిచాయా లేదా, యూజర్ రోల్, టెస్ట్ డేటా. ఆ తర్వాత బ్రౌజర్ క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత పేజీలు (ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి చూస్తే తేలిపోతుంది), చివరగా టైమ్‌జోన్. టెస్టర్ తన వంతుగా లోపం వచ్చిన సమయాన్ని టైమ్‌జోన్‌తో సహా రాయాలి, రిక్వెస్ట్ ఐడీ (సర్వర్‌కి వెళ్లిన ఆ అభ్యర్థన గుర్తింపు సంఖ్య) ఉంటే జతచేయాలి. సర్వర్ లాగుల్లో (సర్వర్ తన పనులను నమోదు చేసుకునే ఫైళ్లలో) వెతకడానికి ఆ రెండూ ఉంటే చాలా వెతుకులాట తప్పుతుంది. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి హెచ్ఏఆర్ ఫైలు (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య జరిగినదాని రికార్డు) పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: అందులో సెషన్ కుకీలు, టోకెన్లు ఉండొచ్చు. వాటిని తీసేశాకే అటాచ్ చేయండి.

అపోహ: మళ్లీ రాకపోతే అది బగ్ కాదు.

‘కాంట్ రీప్రొడ్యూస్’ (మళ్లీ రప్పించలేకపోయాం) అని టికెట్ మూసేసేవాళ్లు థెరాక్-25 సంగతి ఒకసారి చదవాలి. అది రేడియేషన్ చికిత్స చేసే యంత్రం. 1985-87 మధ్య ఆరు ప్రమాదాల్లో రోగులకు విపరీతమైన మోతాదు పడింది, కొందరు చనిపోయారు. 1986లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, టైలర్ ఊళ్లో మొదటి ప్రమాదం తర్వాత తయారీ సంస్థ ఇంజినీర్లు వచ్చి చూస్తే లోపం మళ్లీ రాలేదు. రెండో ప్రమాదం జరిగాక ఆ ఆస్పత్రి ఫిజిసిస్టూ యంత్రం నడిపే ఆపరేటరూ కూర్చుని దాన్ని పట్టుకున్నారు. పొరపాటున ఎక్స్‌రే మోడ్ కొట్టి, వెనక్కి వెళ్లి ఎలక్ట్రాన్ మోడ్‌కి మార్చడం, ఇదంతా అయస్కాంతాలు సర్దుకునే ఎనిమిది సెకన్లలోపు పూర్తిచేయడం. అప్పుడు ఆ దిద్దుబాటును సాఫ్ట్‌వేర్ గమనించేది కాదు. పనిలో చేయి తిరిగి వేగం వచ్చిన ఆపరేటర్‌కే లోపం కనపడేది. స్క్రీన్ చూస్తూ నెమ్మదిగా టైప్ చేసేవాళ్లకు ఎప్పటికీ రాదు.

మన టికెట్లలో స్టెప్పులుంటాయి గానీ వేగం ఉండదు. అప్పుడప్పుడూ వచ్చే లోపానికి ఇవి రాయండి: ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది (పదికి మూడు అని రాస్తే ‘సమ్‌టైమ్స్’ కంటే వందరెట్లు నయం), బటన్ రెండుసార్లు నొక్కారా, ఇంకో ట్యాబ్‌లో అదే పేజీ తెరిచి ఉందా, లాగిన్ అయ్యాక ఎంతసేపు ఊరికే వదిలేశారు, వైఫైయా మొబైల్ డేటానా. డెవలపర్‌కి ఎంత ప్రయత్నించినా రాకపోతే అనుమానమున్న చోట లాగ్ లైన్లు పెట్టి తర్వాతి బిల్డ్‌లో పంపాలి. టికెట్ ఏ రిలీజ్ వరకు తెరిచి ఉంచాలో ఇద్దరూ అనుకుని అందులోనే రాయాలి.

అపోహ: రిక్వైర్‌మెంట్ స్పష్టంగా ఉంటే మాట్లాడుకోవాల్సిన పనిలేదు.

‘పేరు: గరిష్ఠంగా 20 అక్షరాలు’. ఇంతకంటే స్పష్టంగా ఏం రాస్తారు? ఇప్పుడు ఆ గడిలో శ్రీలక్ష్మి అని కొట్టండి. తెలుగు చదివే టెస్టర్ లెక్కలో అవి మూడక్షరాలు. కంప్యూటర్లు లిపులకు వాడే యూనికోడ్ ప్రమాణంలో ఒక్క ‘శ్రీ’యే నాలుగు కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలు): శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పేరు మొత్తం పదకొండు. జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే డెవలపర్‌కి వచ్చే జవాబు అదే. ఆ సంఖ్యలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి డేటాబేస్ కాలమ్ బైట్లలో కొలిచేదైతే ఆ పేరు 33 బైట్లు. 20 బైట్ల కాలమ్‌లో పట్టదు. ఫామ్ ఒప్పుకుంది, డేటాబేస్ కాదంది, టెస్టర్, డెవలపర్, డేటాబేస్ ముగ్గురూ స్పెసిఫికేషన్ ప్రకారమే నడిచారు! అదే పేరు ఎస్సెమ్మెస్‌లో వెళ్తే ఇంకో చిక్కు: ఇంగ్లిష్ మెసేజ్‌కి 160 అక్షరాల దాకా ఒకటే ఛార్జీ, తెలుగు లిపి కలిస్తే పరిమితి 70కి పడిపోతుంది.

కోడ్ మొదలుపెట్టే ముందు ప్రాడక్ట్ ఓనర్ (ఏం తయారుకావాలో, ఏది ముందో తేల్చే వ్యక్తి), డెవలపర్, టెస్టర్ అరగంట కూర్చుంటే ఇవన్నీ అక్కడే బయటపడతాయి. ఆ అరగంటకి టెస్టర్ ఖాళీ చేతులతో రాకూడదు. ఖాళీ పేరు, సరిగ్గా 20, ఒకటి ఎక్కువ, చివర స్పేస్ ఉన్న కాపీ-పేస్ట్, తెలుగు పేరు, ఇనీషియల్ చుక్కతో పేరు, ఇలా అయిదారు ఉదాహరణలు తేవాలి. వాటిలో యూనిట్ టెస్టులతో (కోడ్‌లోని చిన్న భాగాలను విడిగా పరీక్షించే టెస్టులతో) తాను చూసుకునేవి ఏవో డెవలపర్ అక్కడే చెప్పేస్తే టెస్టర్ మిగతావాటి మీద సమయం పెడతారు. కోడ్ అయ్యాక ఇవే ఉదాహరణలు బగ్‌లుగా వస్తే ఎదుటివాళ్లు తప్పులెంచుతున్నట్టు అనిపిస్తుంది. ముందే వస్తే సాయం చేసినట్టుంటుంది.

అపోహ: సివియారిటీ ఎక్కువ పెడితేనే పట్టించుకుంటారు.

నాన్నా పులి కథే. సివియారిటీ అంటే దెబ్బ ఎంత పెద్దది అని, ప్రయారిటీ అంటే ఏది ముందు సరిచేయాలి అని. హోమ్ పేజీలో కంపెనీ పేరు తప్పు పడితే సివియారిటీ తక్కువ, ప్రయారిటీ ఎక్కువ. మార్చి నెలాఖరులో మాత్రమే వాడే రిపోర్టు ఏప్రిల్‌లో క్రాష్ అయితే సివియారిటీ ఎక్కువే గానీ దాన్ని సరిచేయడం తర్వాతైనా ఫరవాలేదు. మొదటిది టెస్టర్ పెట్టాలి, రెండోది ప్రాడక్ట్ ఓనర్ తేల్చాలి.

అపోహ: ఎన్ని బగ్‌లు పట్టారన్నదే టెస్టర్ పనితనం.

ఇది మేనేజర్ల అపోహ, నష్టం మాత్రం ఇద్దరికీ. లెక్కకి మార్కులుంటే ఎనిమిది స్క్రీన్లలో వచ్చే ఒకే ఎర్రర్ మెసేజ్ లోపం ఎనిమిది టికెట్లవుతుంది. అటు డెవలపర్ పేరు మీదా లెక్క పడుతుంటే ప్రతి టికెట్ దగ్గరా ‘ఇది బగ్ కాదు, ఎన్‌హాన్స్‌మెంట్ (కొత్తగా అడుగుతున్న మెరుగుదల)’ అన్న వాదన మొదలవుతుంది. లెక్కే కావాలంటే టికెట్ ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో చూడండి.

అపోహ: ‘ఫిక్స్‌డ్’ అని పెడితే డెవలపర్ పని అయిపోయింది.

ఒక్క మాటతో వచ్చిన టికెట్‌ను టెస్టర్ ఎలా చూడాలి? రాసిన స్టెప్పులే మళ్లీ చేసి మూసేస్తారు, పక్కన విరిగింది ప్రొడక్షన్‌కి (అసలు యూజర్లు వాడే చోటికి) వెళ్లిపోతుంది. ఇలా రాస్తే చాలు: ‘డిస్కౌంట్ తీసేశాక పన్ను మళ్లీ లెక్కించట్లేదు. కార్ట్ లెక్కింపు ఫంక్షన్ మార్చాం. ఇన్‌వాయిస్, రీఫండ్ కూడా ఇదే ఫంక్షన్ వాడతాయి, అవీ చూడండి. ఈ మార్పు బిల్డ్ 412 నుంచి ఉంది.’ రాయడానికి రెండు నిమిషాలు. టెస్టర్ వైపు మర్యాద ఏమిటంటే, పాత లక్షణం మళ్లీ కనిపిస్తేనే రీఓపెన్ చేయాలి. కొత్తది కనిపిస్తే కొత్త టికెట్ పెట్టి పాతదానికి లింక్ ఇవ్వాలి. లేకపోతే ఒకే టికెట్ ఏడుసార్లు తెరుచుకుని, అందులో నాలుగు వేర్వేరు లోపాలు కలిసిపోయి ఎవరికీ అంతుపట్టకుండా తయారవుతుంది.

అపోహ: ఆటోమేషన్ (టెస్టులను ప్రోగ్రామ్‌తో వాటంతటవే నడిపించడం) టెస్టర్ల సొంత వ్యవహారం.

బటన్‌కి స్థిరమైన టెస్ట్ ఐడీ పెట్టడం డెవలపర్‌కి ఒక్క లైను పని. అది లేనప్పుడు టెస్టర్ పేజీ నిర్మాణాన్ని పట్టుకుని బారెడు ఎక్స్‌పాత్ (పేజీలో ఆ బటన్ ఎక్కడుందో చెప్పే దారి) రాస్తారు. డిజైన్ కోసం మధ్యలో ఒక డివ్ (పేజీలో ఒక గడి) చేరిందంటే రాత్రి నడిచే టెస్టులన్నీ ఫెయిలై ఎర్రబడతాయి. నాలుగు రోజులు వరసగా ఉత్తుత్తి ఎరుపు చూశాక అయిదో రోజు నిజమైన ఎరుపునీ ఎవరూ పట్టించుకోరు.

అపోహ: సంబంధాలు చెడకూడదంటే బగ్‌ను మెత్తగా చెప్పాలి.

మెత్తగా ఉండాల్సింది మనిషితో. బగ్ మాత్రం సూటిగా ఉండాలి. ‘మీరు సేవ్ పాడుచేశారు’ అంటే వాదన మొదలవుతుంది. ‘బిల్డ్ 412లో పిన్‌కోడ్ ఖాళీగా వదిలి సేవ్ నొక్కితే 500 ఎర్రర్ (సర్వర్ లోపం)’ అంటే పని మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి అందరూ ఉన్న గ్రూపులో స్క్రీన్‌షాట్ పడేయడం కంటే, ముందు ఆ డెవలపర్‌కి విడిగా ఒక మెసేజ్ పెట్టండి. అది కూడా ‘అన్నా, చిన్న డౌట్’ అని ఆపేయకుండా టికెట్ లింకుతో, అడగాల్సిన ప్రశ్నతో ఒకేసారి పంపండి. చాట్‌లో ‘సరే, ఈ రిలీజ్‌కి వదిలేద్దాం’ అని తేలితే ఎవరు, ఎప్పుడు, ఎందుకు వదిలేశారో వెంటనే టికెట్‌లోకి ఎక్కించండి. ఆరు నెలల తర్వాత అదే లోపం కస్టమర్ నుంచి వచ్చినప్పుడు దాన్ని తెరిచేది మీ ఇద్దరూ కాకపోవచ్చు.