మృగశిరకు ముందు చేతిలో పైసలుంటే

జూన్ రెండో వారం. పాలమూరు వైపు చెల్క భూమిలో తొలివాన 20 మిల్లీమీటర్లు పడింది. మట్టి నాలుగు వేళ్ల లోతు తడిసింది. విత్తితే మొలక వస్తుంది. ఆ తర్వాత మూడు వారాలు మబ్బు మొహం చాటేస్తే ఆ మొలక మాడిపోతుంది. చెల్కల్లో మొత్తం మీద 50-60 మిల్లీమీటర్లు పడి, పదును లోపలికి దిగాకే విత్తాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అన్ని వానలు పడేదాకా ఆగితే సీజన్ వెనకబడుతుంది, చివర్లో గింజ పట్టే వేళకు నేల బెట్టకొస్తుంది.

ఇప్పుడు విత్తనం ఖర్చు చూడండి. పల్లి వేస్తే ఎకరానికి 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి. ఆముదానికి 2 నుంచి 4 కిలోలు చాలు. మొలక మాడితే ఆముదం రైతు మళ్లీ రెండు కిలోలు కొని విత్తుకుంటాడు. పల్లి రైతు పెట్టుబడిలో పెద్ద ముక్క ఒక్క ఎండదెబ్బకు పోతుంది. వానలు సరిగ్గా పడ్డ ఏడు పల్లిలో ఎక్కువ మిగులుతుందని ఊళ్లో ఎవరికి తెలియదు? అయినా బీదరైతు చాలాసార్లు ఆముదం, జొన్న, కంది వైపే మొగ్గుతాడు.

ఎందుకని? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. సాహసం లేదు, పాత పద్ధతి వదలడు అనేది ఒకటి. దెబ్బ తింటే తట్టుకునే ఆసరా లేదు అనేది రెండోది. మొదటిదే నిజమైతే ప్రభుత్వం ఉపన్యాసాలు, ప్రదర్శన క్షేత్రాలు పెట్టి అతని మనసు మార్చాలి. రెండోది నిజమైతే అప్పు, బీమా, విత్తే వేళకు నగదు ఏర్పాటు చేయాలి. జవాబు తప్పయితే, దాని మీద కట్టిన పథకం ఎంత ఖర్చుపెట్టినా గురి తప్పుతుంది. దీన్ని ఊహకు వదిలేయకుండా తేల్చే ప్రయత్నం మన పటాన్‌చెరు నుంచే జరిగింది.

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ, అదే ఇక్రిశాట్, 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు. మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లాలో శిరాపూర్, కల్మాన్. అక్కడే అకోలా జిల్లాలో కంజారా, కిన్‌ఖెడా. మనవైపు ఎర్రనేలలు, షోలాపూర్‌లో నీళ్లను పట్టుకునే లోతైన నల్లరేగడి, అకోలాలో వాన కాస్త నమ్మకంగా పడే పత్తి భూములు. ఊరికి 40 కుటుంబాలు: చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి మంది, భూమిలేని కూలీ కుటుంబాలు పది. మొత్తం 240.

ఈ అధ్యయనం ప్రాణమంతా లెక్క రాసే తీరులోనే ఉంది. ఏడాదికోసారి వచ్చి ‘నిరుడు ఎంత ఖర్చయింది?’ అని అడిగితే ఎవరికైనా పెద్ద ఖర్చులే గుర్తొస్తాయి. పక్కింటి నుంచి తెచ్చిన చేబదులు, కలుపు తీసిన ఆడకూలీల పూటలు, గింజల రూపంలో ఇచ్చిన కూలీ, ఇంట్లోకి తీసి పెట్టుకున్న జొన్నలు ఇవన్నీ జారిపోతాయి. బీదింటి బతుకులో ఎక్కువ భాగం ఉండేది వీటిలోనే. అందుకే ఊళ్లోనే కాపురముంటూ, ఊరి భాష మాట్లాడే పరిశోధకులు మూడు నాలుగు వారాలకోసారి ప్రతి గడపకూ వెళ్లారు. ఒక్కో మడికి వేరే లెక్క: మగవాళ్ల గంటలు, ఆడవాళ్ల గంటలు, ఎడ్ల గంటలు, ఎరువు, విత్తనం, దిగుబడి. ఒక్కో ఇంటికి ఇచ్చిపుచ్చుకున్న ప్రతిదాని లెక్క.

ఇక్కడ తప్పులు దొర్లే చోట్లు చాలా ఉన్నాయి. మానిక జొన్నల బరువు, మానిక వడ్ల బరువు ఒకటి కాదు. పంట పంటకూ విడిగా తూచి కిలోల్లోకి మార్చకపోతే దిగుబడి లెక్కే తప్పుతుంది. అన్నదమ్ములు వేరుపడితే ఏ పొయ్యిని పాత కుటుంబంగా రాయాలి? కౌలుకిచ్చిన చెలకను ఎవరి ఖాతాలో వేయాలి? వీటికి ముందే నియమం పెట్టుకోకపోతే పదేళ్ల తర్వాత ఆ అంకెలతో ఏమీ తేలదు. తొలి విడత 1980ల నడుమ దాకా సాగింది. 2001లో మళ్లీ మొదలై, 2009 నుంచి తూర్పు భారతానికీ బంగ్లాదేశ్‌కూ విస్తరించింది. ఇంత కాలం ఇంత దగ్గరగా పల్లె కుటుంబాలను అనుసరించిన అధ్యయనాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

‘సాహసం’ సంగతి తేల్చింది హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త. ముందుగా ‘ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారు?’ అని ఊహా ప్రశ్నలు అడిగారు. అడిగే మనిషి మారితే జవాబులూ మారాయి. ఆ పద్ధతి పనికిరాదని తేలాక నిజం డబ్బుతో బొమ్మా బొరుసూ ఆట పెట్టారు. యాభై రూపాయల ఆటలో ఒక ఎంపిక తీసుకుంటే బొమ్మ పడ్డా బొరుసు పడ్డా 50 రూపాయలే. ఇంకో ఎంపికలో ఒకవైపు 45, రెండోవైపు 95. తర్వాతది 40 లేదా 120. ఆపైన 30 లేదా 150. ఆ తర్వాత 10 లేదా 190. చివరిది అయితే సున్నా, లేదంటే 200. కింది మెట్టు దిగే కొద్దీ సగటు రాబడి 50, 70, 80, 90, 100 అని పెరుగుతుంది. అట్టడుగు మెట్టుకొచ్చేసరికి సగటు 100 దగ్గరే ఆగిపోయి, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. ముందు అర్ధ రూపాయి ఆటతో అలవాటు చేసి, అయిదు రూపాయల మీదుగా యాభైకి వచ్చారు. ఆ రోజుల్లో 200 రూపాయలంటే కూలీకి నెల రాబడిని మించిన సొమ్ము.

పందెం పెద్దదయ్యే కొద్దీ ఎక్కువమంది నడిమి మెట్లకు చేరారు. మొండి ధైర్యమూ లేదు, పిరికితనమూ లేదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆటలో ఉన్నోడూ లేనోడూ దాదాపు ఒకేలా ఆడారు. ఆస్తిని బట్టి తేడా చాలా స్వల్పం. పొలంలో మాత్రం ఇద్దరూ ఒకేలా సాగు చేయరు. అంటే తేడా మనిషి గుణంలో లేదు, అతని చేతిలో ఉన్న ఆసరాలో ఉంది. 1980లో అచ్చయిన ఈ ఫలితం, నా ఉద్దేశంలో, మెట్ట వ్యవసాయ విధానానికి పునాదిరాయి లాంటిది.

ఆ ఆసరా లేనందుకు బీదరైతు ఎంత నష్టపోతున్నాడో 1993లో బిన్స్‌వాంగర్, మరో ఆర్థికవేత్త మార్క్ రోజెన్‌జ్వైగ్ కలిసి ఈ ఊళ్ల లెక్కలతోనే తేల్చారు. వానకు సంబంధించిన రకరకాల కొలతలు పెట్టి చూస్తే పంట లాభాన్ని అన్నిటికంటే బలంగా శాసించేది రుతుపవనం వచ్చే తేదీ అని తేలింది. ఆ తేదీ ఏటా ఎంత అటూఇటూ ఊగితే పేదవాడు అంత జాగ్రత్త పడి, తక్కువ లాభం ఉన్నా తక్కువ ప్రమాదం ఉన్నవాటికి పోతాడు. ఈ అనిశ్చితి ఒక ప్రామాణిక విచలనం మేర (సగటుకు అటూఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత అది) తగ్గితే, అట్టడుగు పాతిక శాతం కుటుంబాల సగటు లాభం 35 శాతం దాకా పెరుగుతుందని వారి అంచనా. పై అంతస్తు వాళ్లలో ఆ మార్పు దాదాపు కనిపించదు. వానకు భయపడి పేదవాడు ఏటా కడుతున్న కనపడని శిస్తు ఇది, మంచి ఏడు కూడా కడుతూనే ఉంటాడు.

మరి ఊళ్లో ఒకరికొకరు ఆదుకోరా? ఆదుకుంటారు. ఔరేపల్లె, శిరాపూర్, కంజారా లెక్కలను చూసిన ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్, ఒక ఇంటి తిండి ఖర్చు ఆ ఇంటి రాబడి కంటే ఊరి సగటు ఖర్చును అనుసరించే ఎక్కువగా కదులుతోందని 1994లో చూపించాడు. చేబదుళ్లు, చుట్టరికాలు పనిచేస్తున్నాయన్నమాట. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చిన కుటుంబాల తిండి ఖర్చులో ఒడిదుడుకులు తక్కువని మరో అధ్యయనం తేల్చింది. దూరంగా ఉన్న వియ్యంకుడి ఊళ్లో అదే రోజు కరువు రాదు కదా. అయితే భూమిలేని కూలీకి ఈ ఆసరా అందరికంటే పలచగా ఉన్న ఊరూ కనిపించింది. పైగా ఊరంతా ఒకేసారి ఎండితే చేబదులు ఇచ్చేవాడెవడు? అప్పుడు ఎడ్లు సంతకు వెళతాయి. అందరూ ఒకే వారం అమ్మితే ధర పడిపోతుంది, మరుసటి జూన్‌లో దున్నడానికి ఎడ్లుండవు. ఊరి లోపల తీరని ఈ కష్టం కోసమే బయటి బీమా కావాలి.

2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి 230 మంది దాకా పల్లి, ఆముదం రైతులకు వానబీమా అమ్మాయి. దేశంలో ఈ తరహాలో ఇదే మొదటిది. పొలానికి వచ్చి నష్టం చూసేవాళ్లు ఉండరు. వానమాపకం ఏం చెబితే అదే లెక్క. తర్వాతి ఏళ్ల పాలసీల్లో జూన్ 1 నుంచి లెక్కపెట్టి 50 మిల్లీమీటర్లు పడ్డ రోజున గడువు మొదలయ్యేది. 35 రోజులు విత్తు దశ, 35 రోజులు పూత దశ, 40 రోజులు కోత దశ. మొదటి రెండింటికీ తక్కువ వానకు పరిహారం, కోతప్పుడు అతివానకు. రోజుకు 2 మిల్లీమీటర్ల లోపు వాన లెక్కలోకి వచ్చేది కాదు, 60 దాటిన భాగమూ వచ్చేది కాదు. ఎందుకంటే ఆ చినుకులు నేలకు ఇంకవు, ఆ ధార వాగులో కలిసిపోతుంది.

ఉదాహరణకు ఒక దశకు 75 మిల్లీమీటర్లు గీత అనుకుందాం, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకు 10 రూపాయలు అనుకుందాం. 45 పడితే 300 రూపాయలు వస్తాయి. మాపకం 80 చూపిస్తే పైసా రాదు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మాపకం మండల కేంద్రంలో ఉంటుంది, చెలక పన్నెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. జూలై వాన ఒక వాగుకు ఇటు కురిసి అటు కురవదు. అక్కడ 80 పడి ఇక్కడ 40 పడితే పంట పోయిన మనిషి ప్రీమియం కూడా పోగొట్టుకున్నట్టే.

ఎవరు కొన్నారో చూస్తే ఇంకో పాఠం దొరికింది. ప్రమాదమంటే ఎక్కువ జంకేవాళ్లే బీమా తక్కువగా కొన్నారు. వాళ్లకు బీమా కూడా తెలియని వస్తువే, ఇస్తారో ఇవ్వరో అన్న ఇంకో అనుమానమే. అంతకుముందే ఊళ్లో తెలిసిన మనిషి వెంటవచ్చి పరిచయం చేసినచోట అమ్మకం పెరిగింది. ఎందుకు కొనలేదని అడిగితే ఎక్కువమంది చెప్పింది ‘పైసల్లేవు’ అని. అది సాకు కాదని ప్రయోగంలో తేలింది. కొందరికి చేతిలో 100 రూపాయలు పెడితే కొనేవాళ్లు బాగా పెరిగారు. జూన్‌లో విత్తనం, ఎరువు, కూలీ అన్నీ ఒకేసారి అడుగుతాయి. అదే నెలలో బీమా డబ్బూ కట్టమంటే ఎవరు కట్టగలరు?

2009లో మహబూబ్‌నగర్, అనంతపురం రైతుల్లో కొందరికి విత్తకముందే బీమా పత్రాలు ఉచితంగా ఇచ్చి, మిగతావారికి దాని విలువకు సమానమైన నగదు తర్వాత ఇస్తామన్నారు. పత్రం ఉన్నవాళ్లు పెట్టుబడిని పల్లి, ఆముదం వంటి అమ్మకపు పంటల వైపు మళ్లించారు. చదువుకున్న రైతుల్లో ఆ మళ్లింపు ఇంకా ఎక్కువ. ధైర్యం నేర్పే ఉపన్యాసం ఒక్కటీ లేకుండానే ఇది జరిగింది.

2016లో వచ్చిన ఫసల్ బీమా యోజన ప్రీమియం చిక్కును చాలావరకు తీసింది. వానాకాలం ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం. వానమాపకం బదులు ఊళ్లో ఎంపిక చేసిన మడుల్లో పంట కోసి దిగుబడి కొలుస్తారు. ప్రధాన పంటకు గ్రామ పంచాయతీకి నాలుగు కోతలు. మడి ఎంపికలో చెయ్యి పెట్టినా, కోత రోజు తప్పినా, లెక్క ఆలస్యంగా పైకి పోయినా పరిహారం వచ్చే సీజన్ విత్తేదాకా రాదు. ఆలోపు రైతు అధిక వడ్డీకి అప్పు తెచ్చేసి ఉంటాడు.

2018లో తెలంగాణ మొదలుపెట్టిన రైతుబంధు, సీజన్‌కు ఎకరానికి 4,000 రూపాయలతో నగదు చిక్కునే నేరుగా పట్టుకుంది, మరుసటి ఏడు అది 5,000 అయింది. ఆలోచన సరైనదే. ఈ యాభై ఏళ్ల లెక్కలు చెప్పేదాన్ని బట్టి అందులో రెండు విషయాలు కీలకం. మొదటిది తేదీ. మే ఆఖరున ఖాతాలో పడితే ఆ సొమ్ము పల్లి విత్తనం అవుతుంది. ఆగస్టులో పడితే అప్పటికే చేసిన అప్పుకు వడ్డీ అవుతుంది. రెండోది పేరు. పట్టాదారు పాస్‌బుక్‌లో ఎవరి పేరుంటే వారికే డబ్బు వచ్చేది. కౌలుకు తీసుకుని మృగశిరలో గొర్రు కట్టి, పదును చూసి, ఎకరానికి 70 కిలోల గింజ నేలలో పెట్టే మనిషి పేరు ఆ పుస్తకంలో ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలంది, 2019 చట్టం సాగుదారు హక్కు పత్రం అంది. భూమి యజమాని ఒప్పుకుంటేనే ఆ పత్రం చేతికొస్తుంది. ఒప్పుకుంటే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయం. వాన తేదీ ఊగిసలాటనంతా భరించేది కౌలుదారు, దానికోసం ప్రభుత్వం ఇచ్చే ఆసరా చేరేది ఇంకొకరికి. ఔరేపల్లెలో మడి మడికీ ‘ఎవరిది?’తో పాటు ‘ఎవరు సాగు చేస్తున్నారు?’ అని విడిగా రాసుకున్న ఆ రెండో గడి ఇవాళ్టి భూమి రికార్డుల్లో కూడా కావాలి.