తెలుగు మానేస్తే మాటలు వస్తాయా? స్పీచ్ థెరపిస్టుగా నేను రోజూ వినే అపోహలు – వాస్తవాలు

"మేడం, ప్లేస్కూల్లో చెప్పారని ఆర్నెల్ల నుంచి ఇంట్లో తెలుగు పూర్తిగా మానేశాం. ఇంగ్లీషే మాట్లాడుతున్నాం. అయినా వీడికి మాటలు రాలేదు."

బెంగళూరులో, మారతహళ్ళి వైపు పనిచేస్తున్న నాకు ఈ మాట వినపడని వారం లేదు. చెప్పేవాళ్ళు బిడ్డ మేలు కోరి కష్టపడి అలా చేసినవాళ్ళే, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ సలహా మీదే.

అపోహ: ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పనమ్మాయితో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు. ఇన్ని భాషలు ఒకేసారి వినడంతో బుర్ర తికమకపడి మాటలు ఆలస్యమవుతాయి.

వాస్తవం: కావు. ఎక్కువ భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఆయాని కన్నడంలో "బా" అని, అవ్వని తెలుగులో "రా" అని పిలిచే రెండేళ్ళ పిల్లకి తికమక ఏమీ లేదు. ఎవరితో ఏ మాట అనాలో అప్పుడే తెలిసిపోయింది. "అవ్వా, వాటర్ కావాలి" అన్నా కంగారు పడనక్కర్లేదు. మనమూ రోజంతా మాట్లాడేది అలాగే కదా.

పొరపాటు ఎక్కువగా లెక్క దగ్గర జరుగుతుంది. రెండేళ్ళు నిండేసరికి సుమారు 50 మాటలు రావాలి, "అమ్మ రా", "పాలు వద్దు" అని రెండేసి మాటలు కలపాలి. ఆ 50 ఒక్క ఇంగ్లీషులోనే ఉండాలని ఎవరూ చెప్పలేదు. తెలుగులో 25, కన్నడంలో 10, ఇంగ్లీషులో 20 వస్తే ఆ బిడ్డకి 55 మాటలు వచ్చినట్టే. ఇంగ్లీషు మాత్రమే లెక్కపెట్టేవాళ్ళకి మాత్రం 20 మాటల పిల్లవాడిగా కనిపిస్తాడు. అక్కడి నుంచే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఇంగ్లీషుకి మారిన ఇళ్ళలో నేను గమనించేది ఒకటుంది. ఆడుకోవడానికి బొమ్మలిచ్చి పావుగంట పక్కన కూర్చుంటాను. తల్లి నోటి నుంచి వచ్చేది "కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్, గుడ్ బాయ్", అంతే. ఆమెకి ఇంగ్లీషు రాక కాదు, ఆఫీసులో గంటలకొద్దీ మీటింగులు నడుపుతుంది. కానీ బిడ్డని బుజ్జగించడానికీ, గోరుముద్దలు పెట్టడానికీ, లాల పోస్తూ కబుర్లు చెప్పడానికీ ఆ భాష ఆమె నోటికి అలవాటు లేదు. తెలుగు ఆపగానే మాట్లాడటమే సగానికి సగం తగ్గిపోయింది. మాటలు తక్కువ వస్తున్న బిడ్డకి వినే మాటలు కూడా తగ్గించేశాం.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ నాకు బాగా గుర్తు. మనవడికి రెండున్నరేళ్ళు, రోజంతా ఆమె దగ్గరే ఉంటాడు. ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా అని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకు ఇంగ్లీషు రాదు గదమ్మా. తెలుగు మాట్లాడితే బిడ్డకి మాటలు రావంటిరి. అందుకని గమ్మునుండాను." ఎనిమిది నెలలు అలా గమ్మునే ఉందట. అది అనపకాయల కాలం. ఇంట్లో ఏ పని చేసేటప్పుడు వాడు పక్కన కూర్చుంటాడని అడిగితే, పితికిన పప్పు చేసేటప్పుడు, అంటే నానబెట్టిన అనపగింజల్ని వేళ్ళతో నొక్కి తొక్క తీసేటప్పుడు అంది. సరే, అదే మనకు థెరపీ అన్నాను. నానిన గింజ వేళ్ళ మధ్య పెట్టి ప్రతిసారీ "పితుకు" అనాలి, పప్పు ఎగిరి గిన్నెలో పడగానే "పడింది" అనాలి, తర్వాత గింజ చేతిలో పట్టుకుని వాడి మొహం చూస్తూ ఆగాలి. మూడో వారం వాడు గింజ ఆమె చేతికిచ్చి "పితు" అన్నాడు. ఆమె ఫోన్లో పెట్టిన వాయిస్ మెసేజ్ నేను ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

భాష మీద నేరం మోపితే ఇంకో పెద్ద నష్టం, అసలు కారణం వెతకడం ఆగిపోతుంది. ఒక పాపకి ఏడాదిపాటు "భాషలు ఎక్కువయ్యాయి" అంటూ గడిపేశారు. చివరికి పరీక్ష చేస్తే రెండు చెవుల్లోనూ వినికిడి తక్కువ. "కుక్కర్ విజిల్ వేస్తే తిరిగి చూస్తుంది కదా మేడం" అన్నాడు తండ్రి. కుక్కర్ విజిల్ వినికిడి పరీక్ష కాదు. పెద్ద చప్పుళ్ళు వినిపించే బిడ్డకి కూడా "స", "ఫ" లాంటి సన్నటి శబ్దాలు వినపడకపోవచ్చు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసైనా, తర్వాత జలుబులతో చెవిలో నీరు చేరి వినికిడి తగ్గొచ్చు. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకీ మొదట చేయించాల్సింది వినికిడి పరీక్షే. బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రిలో స్పీచ్, వినికిడి విభాగం ఉంది. 1965 నుంచి ఈ పనికే అంకితమైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ మైసూరులో ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయి, వాళ్ళ మేనమామకీ ఐదేళ్ళకే వచ్చాయి." మగపిల్లలు సగటున కొంచెం వెనక ఉంటారు, నిజమే. ఏళ్ళకి ఏళ్ళు కాదు. రెండేళ్ళకి మాటలు రాకపోతే మేనమామ సంగతి పక్కనపెట్టి చూపించండి. పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, ఏడాదిన్నరకి కూడా వేలితో చూపించకపోయినా రెండేళ్ళ దాకా ఆగొద్దు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే రండి. ఒకవేళ ఆటిజం అని తేలినా తెలుగు ఆపాల్సిన పని లేదు.

"నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయి." అతుక్కున్న నాలుక వల్ల కొందరికి కొన్ని శబ్దాలు సరిగా పలకవు. అసలు మాటలే రాకపోవడానికి కారణం అది కాదు.

"వస పోయలేదు, అందుకే." వస పోసినంత మాత్రాన మాటలు రావు. తేనెలో రంగరించి నాకిస్తుంటారు, ఏడాది నిండని బిడ్డకి తేనె అసలు పెట్టకూడదు.

"ఫోన్లో రైమ్స్ చూసి ఏ నుంచి జెడ్ దాకా చెప్తాడు." సంతోషమే, కానీ దాహమేస్తే నీళ్ళు అడుగుతున్నాడా? నాకు కావాల్సింది అది. రెండేళ్ళలోపు ఫోన్ వద్దు. వీడియో కాల్‌లో తాతయ్యతో కబుర్లకి అభ్యంతరం లేదు.

నా దగ్గరికి గానీ ఎవరి దగ్గరికి గానీ వచ్చేముందు ఒక పని చేయండి. ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి, వారం రోజులు బిడ్డ అన్న ప్రతి మాటా ఏ భాషైనా సరే రాయండి. అవ్వతో, ఆయాతో కూడా రాయించండి. పాలని "పా" అన్నా, కుక్కని "బౌ" అన్నా రాయాల్సిందే. ఆ కాగితం, వినికిడి పరీక్ష రిపోర్టు తీసుకుని రండి. రోజంతా బిడ్డ దగ్గరుండే మనిషిని కూడా తప్పకుండా వెంటబెట్టుకు రండి.