విమానాల తయారీలో పీఎల్‌ఎమ్: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఏరోస్పేస్ పార్టులు చేసే కంపెనీల్లో పీఎల్‌ఎమ్ (ప్రొడక్ట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్, అంటే ఒక వస్తువు డిజైన్, దాని మార్పులు, తయారీ, సర్వీసు వివరాలన్నీ ఒకచోట అదుపులో ఉంచే సిస్టమ్) పెట్టించడం నా పని, పదమూడేళ్ల నుంచి ఇదే. హైదరాబాద్ దగ్గర ఆదిభట్ల వైపు పెద్ద యూనిట్లు వచ్చాక బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపుల వాళ్లు కూడా "అన్నా, ఇది మాకు కావాలా వద్దా" అని అడుగుతున్నారు, ప్రతిసారీ అవే మాటలు చెప్తున్నా కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: పీఎల్‌ఎమ్ అంటే డ్రాయింగులు దాచుకునే బీరువా, షేర్డ్ ఫోల్డర్ ఉంటే చాలు.

డ్రాయింగ్ ఫోల్డర్‌లోనూ దొరుకుతుందండీ, ఏ విమానానికి ఏ డ్రాయింగ్ అన్న దగ్గరే చిక్కంతా. ఒక బ్రాకెట్ డిజైన్ మార్చారనుకోండి, 36వ విమానం దాకా పాతది, 37 నుంచి కొత్తది, మళ్లీ డెలివరీ అయిపోయిన వాటిల్లో కొన్నింటికి సర్వీస్ బులెటిన్ (తయారీ కంపెనీ ఎయిర్‌లైన్లకి పంపే మార్పు సూచన) ప్రకారం కొత్తదే వేయాలి. దీన్నే మేం ఎఫెక్టివిటీ అంటాం. ఇరవై ఏళ్ల తర్వాత ఎయిర్‌లైన్ వాళ్లు 22వ విమానానికి స్పేర్ అడిగితే ఏది పంపాలో ఫోల్డర్ చెప్పలేదు, అందులో "ఫైనల్" అనీ "ఫైనల్ కొత్తది" అనీ రెండు ఫైళ్లుంటాయి అంతే. ఓసారి ఒక షాపుకి వెళ్తే పాత రివిజన్ (డ్రాయింగ్ పాత వెర్షన్) ప్రింటు మెషీన్ పక్కన గోడకి అంటించి ఉంది, ఆపరేటర్ దాన్ని చూసే రంధ్రాలు వేశాడు, లాటు మొత్తం స్క్రాప్. అందరూ ఆ కుర్రాడి మీద పడ్డారు, నాకు చాలా బాధేసింది, ఎందుకంటే కొత్త రివిజన్ వచ్చిందని అతనికి తెలిసే దారే అక్కడ లేదు.

అపోహ: అందరం ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం, డేటా దానంతటదే కలిసిపోతుంది.

ఇది నమ్మేవాళ్లకి నేను ముందు ఎయిర్‌బస్ ఏ380 సంగతి చెప్తా. ఆ విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైరింగ్ ఉంటుంది, లక్ష దాకా వైర్లు, 40 వేలకి పైగా కనెక్టర్లు. ఫ్రాన్స్, బ్రిటన్ టీములు కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వీ5 వెర్షన్‌లో పనిచేస్తుంటే జర్మనీ, స్పెయిన్ టీములు ఇంకా వీ4లోనే ఉన్నాయి. రెండూ దస్సో అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్లవే, పేరూ ఒకటే, కానీ వీ5ని కొత్తగా మొదటి నుంచి రాశారు, అందుకని వీ4 మోడల్ అటు వెళ్తే అందులోని సమాచారం అంతా సరిగ్గా వెళ్లదు. పైగా ఒక్కో ఎయిర్‌లైన్‌కి క్యాబిన్ ఒక్కోలా ఉంటుంది, దాన్నిబట్టి వైరింగ్ మారుతూనే ఉంటుంది, ఆ మార్పులు ఒక టీము నుంచి ఇంకో టీముకి సరిగ్గా చేరలేదు. జర్మనీలోని హాంబర్గ్‌లో చేసిన హార్నెస్‌లు (వైర్ల కట్టలు) ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో కలపబోతే పొడవు చాల్లేదు. తొలి విమానం 2005 ఏప్రిల్‌లోనే ఎగిరింది, చూసేవాళ్లకి పని అయిపోయినట్టే, కానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి మొదటిది వచ్చేసరికి 2007 అక్టోబర్. మధ్యలో 2006 జులైలో ఎయిర్‌బస్ అధిపతి గుస్తాఫ్ హుంబర్ట్, మాతృసంస్థ ఈఏడీఎస్ ఇద్దరు సీఈఓల్లో ఒకరైన నోయెల్ ఫోర్‌జార్ పదవులు వదులుకోవాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ వెర్షనే మొత్తం కారణం అంటే మాత్రం నేను ఒప్పుకోను. అందరూ చూసే డిజిటల్ మాకప్ (కంప్యూటర్లో ఉండే పూర్తి విమానం మోడల్) ఒక్కటే ఉండాలని పట్టుబట్టాల్సింది మేనేజ్‌మెంటు. బోయింగ్ 777 ఏ380 కంటే పదేళ్లకి పైగా ముందే, 1994లో ఎగిరింది, దాన్ని పూర్తిగా కంప్యూటర్లోనే, కాటియాతోనే డిజైన్ చేశారు, 238 డిజైన్-బిల్డ్ టీములు పెట్టి డిజైనర్ పక్కనే తయారీవాళ్లని కూర్చోబెట్టారు. నన్నడిగితే కాటియా ఎంత పనిచేసిందో ఆ కూర్చోబెట్టడం కూడా అంత పనిచేసింది.

అపోహ: ఈఆర్‌పీలో (కొనుగోళ్లు, స్టాకు, ఖర్చులు చూసే సాఫ్ట్‌వేర్‌లో) బీఓఎమ్ (పార్టుల జాబితా) ఉంది కదా, మళ్లీ ఇదెందుకు.

ఈఆర్‌పీ ఎన్ని కొనాలి, ఎప్పుడు కొనాలి, ఎంతకి అనేది చూసుకుంటుంది. ఆ పార్టు ఎందుకు మారింది, ఎవరు ఒప్పుకున్నారు అనేది దాని పని కాదు. పైగా విమానానికి బీఓఎమ్ ఒకటి కాదు, కనీసం రెండు. డిజైనర్ చూసే ఇంజనీరింగ్ బీఓఎమ్‌లో రెక్క ఒక సిస్టమ్‌గా ఉంటుంది, షాప్‌లో మాన్యుఫాక్చరింగ్ బీఓఎమ్‌లో అదే రెక్క జిగ్‌లో (బిగించేటప్పుడు పార్టుల్ని పట్టి ఉంచే చట్రంలో) ఏ స్టేషన్లో ఏది ముందు బిగించాలి, సీలెంట్ ఎప్పుడు పూయాలి అనే వరసలో ఉంటుంది. ఒకదాంట్లో మార్పు వస్తే రెండోది కూడా కదలాలి, చాలా ప్రాజెక్టులు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

అపోహ: సిస్టమ్ పెట్టేశాం, ఇక తప్పులు జరగవు.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 మ్యాక్స్ 9కి గాల్లో ఉండగా డోర్ ప్లగ్ (వాడని తలుపు ఖాళీని మూసే పలక) ఊడిపోయింది, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. బోయింగ్ వాళ్ల రెంటన్ ఫ్యాక్టరీలో పక్కన పాడైన రివెట్లు సరిచేయడానికి ఆ ప్లగ్ తెరిచారు, మూసేటప్పుడు నాలుగు బోల్టులు పెట్టలేదు, తెరిచినట్టు రికార్డే తయారవ్వలేదని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. బోయింగ్‌లో సిస్టమ్‌లకి కొదవా? రికార్డు లేకపోతే ఆ పనిని చెక్ చేయాలని ఇన్‌స్పెక్టర్‌కి ఎవరు చెప్తారు? అందుకే ట్రైనింగ్‌లో నేను బటన్ల కంటే ముందు ఇది చెప్తా, చేసిన పని రాయకపోతే సిస్టమ్ దృష్టిలో ఆ పని జరగనట్టే.

అపోహ: పాత డేటా ఒక వీకెండ్‌లో లోడ్ చేసేయొచ్చు.

లోడ్ అవుతుంది, చెత్త కూడా లోడ్ అవుతుంది. ఒకే రివెట్‌కి మూడు పార్ట్ నంబర్లు, అప్రూవల్ లేని రివిజన్లు, అన్నీ. నేను చేసిన ప్రతి ప్రాజెక్టులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం కంటే ఈ శుభ్రం చేసే పనికే ఎక్కువ నెలలు పట్టింది, మేనేజర్లు ఈ టైము కోసేస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.

అపోహ: చిన్న సప్లయర్లకి అవసరం లేదు.

పెద్ద లైసెన్సులు కొనమని నేను చెప్పను. ఇరవై మంది ఉన్న షాపుకి మొదట కావాల్సింది రివిజన్ కంట్రోల్, గోడల మీద ప్రింట్లు తీసేయడం, కస్టమర్ నుంచి మార్పు వస్తే ఎవరు తీసుకుని ఎవరికి ఇస్తారో ఒక మనిషి పేరు. ఆ తర్వాత ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ (మొదట చేసిన పార్టు కొలతలన్నీ తీసి చూసే తనిఖీ) రిపోర్టుని ఆ రివిజన్‌కే ముడిపెట్టండి, డ్రాయింగ్ మారినప్పుడు ఆ మార్పు తగిలిన కొలతలు మళ్లీ తీయాల్సిందే. ఇవన్నీ ఆర్నెల్లు నడిపించి అప్పుడు ఫోన్ చేయండి, మీకు ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుందో కూర్చుని మాట్లాడుకుందాం.