గోటితో గీకి చూడండి

2021 చివరి నెలల్లో మా గుంటూరు వీధి మలుపులోని వేపచెట్టు కొసల నుంచి మాడుతూ వచ్చింది. ఆకులు గోధుమరంగుకు తిరిగి కొమ్మలకే వేలాడుతుంటే, ఎవరో కింద మంట పెట్టారనుకున్నాం. విజయవాడ వెళ్లే దారిలోనూ అలాంటి చెట్లే కనిపించాయి. నింద కొంత సెల్‌ టవర్ల మీద పడింది.

పాపం, టవర్లకు ఇందులో పాత్ర లేదు. కొమ్మల్ని కొసల నుంచి ఎండబెట్టే ఈ డైబ్యాక్ తెగులుకు కారణమైన ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రాన్ని కొత్త జాతిగా శాస్త్రవేత్తలు వర్ణించింది 1997లో, మన వీధుల్లో టవర్లు ఇంతగా మొలవక ముందే. ఎండిన పుల్లల మీద ఆవగింజ కన్నా చిన్న నల్లటి చుక్కలు ఏర్పడతాయి. వాన పడ్డప్పుడు వాటిలోంచి బీజాలు ఊరి, చినుకుల తుంపరతో పక్క కొమ్మకు చేరతాయి. దీనికి తోడు తేయాకు దోమ. పేరుకే దోమ; నిజానికి నల్లి జాతి పురుగు, జీడిమామిడి రైతులకు పాత శత్రువు. లేత చిగురులో ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. అది చేసిన గాయం శిలీంధ్రానికి దారి అవుతుంది.

పురుగుమందుల దుకాణంలో వేపనూనె కొనే మన మిరప రైతుకు వేపనే పురుగు కుట్టడం వింతగానే ఉంటుంది. కానీ వేపలో పురుగుల్ని అడ్డుకునే అజాడిరక్టిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది గింజలో. చిగురుకు ఆ కవచం అంత మందంగా లేదు.

వానాకాలంలో మొదలయ్యే ఈ తెగులు చలి మొదలయ్యే నాటికి ముదురుతుంది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం అదనపు తేమను పట్టి ఉంచగలదు. కుండపోతలు పెరగడానికి అదొక కారణం. తడి ఎన్నాళ్లు ఆరకపోతే శిలీంధ్రానికి అన్నాళ్లు పండగ. ఎంతటి ఎండనైనా ఓర్చే వేప, వేళ్ల దగ్గర నిలవ నీటిని మాత్రం ఓర్చదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు విజయవాడ కాలనీల్లో రోజుల తరబడి నిలిచింది. అలాంటి చోట మొదలు చుట్టూ సిమెంటు కూడా పోసేస్తే ఇక ఆ చెట్టు దేనితో పోరాడాలి? 2018లో రాష్ట్ర వృక్షమని ప్రకటించుకున్న చెట్టు కదా!

మాడిన చెట్టును చూడగానే గొడ్డలి తీయడం మన అలవాటు. తొందర వద్దు. బెరడును గోటితో గీకండి; లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఎండిన పుల్లల్ని పచ్చి భాగం దాకా కోసి కాల్చేయాలి. చిన్న చెట్టయితే కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశిని పిచికారీ పనికొస్తుంది. ఆకాశమంత చెట్టుకు ఎవరు కొట్టగలరు?

అందుకే నా ఆశంతా పిచికారీ మీద కన్నా విత్తనం మీద. ఐరోపాలో యాష్ అనే జాతి చెట్లను మరో శిలీంధ్రం 1990ల నుంచి ఎండబెడుతోంది. అన్నీ మాడిన చోట కూడా కొన్ని చెట్లు పచ్చగా నిలిచాయి. ఆ ఓర్పు కొంతవరకు సంతానానికీ అందుతుందని తేలాక, డెన్మార్క్, బ్రిటన్‌లలో వాటి కొమ్మలు అంటుకట్టి విత్తన తోటలు పెంచుతున్నారు. మన వేపలు చాలావరకు కాకులు, గబ్బిలాలు జారవిడిచిన గింజల నుంచి మొలిచినవే. ఏ రెండూ ఒకటి కావు. ఎండిన వరుసలో పచ్చగా మిగిలిన చెట్టు మీద గుర్తు పెట్టి, వరుసగా రెండు మూడేళ్లు గమనించాలి.

చిక్కేమిటంటే, వేపగింజ ఆగదు. మామూలుగా ఉంచితే కొన్ని వారాల్లోనే మొలకశక్తి పోతుంది. మిరపకాయలు నెలల తరబడి నిలవ ఉండే గుంటూరు శీతల గిడ్డంగుల చలి పచ్చి వేపగింజకు పడదు. జూన్, జులైలలో పండ్లు రాలగానే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే నాటాలి.

మా వీధి చెట్టు ఫిబ్రవరిలో చిగురించింది. ఆ ఉగాదికి పచ్చడిలోకి పువ్వు మాత్రం పక్క వీధి నుంచి తెచ్చుకున్నాం. కొట్టేయమన్న పొరుగాయన ఇప్పుడు దాని నీడలోనే స్కూటర్ పెడుతున్నారు.