కవరుకూ గుడ్డ సంచికీ మధ్య లెక్క: ప్లాస్టిక్ జీవితచక్ర మదింపు వెనుక ఉన్న కథ

గుడ్డ సంచిని కనీసం 131 సార్లు వాడితే తప్ప, ఒక్కసారి వాడి పారేసే పాలిథిన్ కవరు కంటే అది మేలు కాదన్న మాట ప్లాస్టిక్ నిషేధంపై చర్చ వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. ఆ అంకె కల్పితం కాదు. ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన నివేదికలో అది ఉంది. అయితే అది ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో, వేటిని లెక్కలో చేర్చకుండా వచ్చిందో తెలియాలంటే, ఒక వస్తువును ముడిసరుకు దశ నుంచి చెత్తగా మారేదాకా వెంబడించి దాని భారాన్ని కొలిచే జీవితచక్ర మదింపు పద్ధతి ఎలా పుట్టిందో చూడాలి.

1969లో కోకాకోలా సంస్థ తన పానీయాన్ని ఎలాంటి సీసాల్లో, డబ్బాల్లో అమ్మాలో తేల్చుకోవడానికి అమెరికాలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేత ఒక అధ్యయనం చేయించింది. గాజు, లోహం, ప్లాస్టిక్‌లలో ఒక్కొక్కటి ఎంత ముడిసరుకును, ఎంత ఇంధనాన్ని తీసుకుంటుంది, ఎంత వ్యర్థాన్ని వదులుతుంది అన్నదే అందులోని ప్రశ్న. ఆ నివేదిక పూర్తిగా ప్రజల ముందుకు రాలేదు. అదే సంస్థ పరిశోధకులు తొమ్మిది రకాల పానీయ పాత్రలపై చేసిన అధ్యయనాన్ని 1974లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రచురించడంతో ఈ పద్ధతి బయటి ప్రపంచానికి తెలిసింది. 1973 చమురు సంక్షోభం అప్పటికి ఇంకా కళ్లముందే ఉంది కాబట్టి, అందరి దృష్టీ ఇంధనం మీదే నిలిచింది. ఈ పుట్టుక ప్రభావం నేటికీ పోలేదని నా అభిప్రాయం. ఇంధనాన్నీ, పొగనూ బాగా తూచే ఈ తక్కెడకు, కాలువలో చిక్కుకున్న కవరును తూచడం మొదటి నుంచీ అలవాటు లేదు.

1990 ప్రాంతంలో అమెరికాలో పసిపిల్లల డైపర్లపై వివాదం రేగింది. వాడి పారేసేవే మేలని వాటి తయారీదారు చేయించిన అధ్యయనం, ఉతికి వాడే గుడ్డవే మేలని వాటిని ఉతికి ఇచ్చే సంస్థల సంఘం చేయించిన అధ్యయనం వరుసగా వెలువడ్డాయి. ఎవరి ఊహలు వారివి, లెక్కలో ఏది చేర్చాలి, ఏది వదలాలి అన్న హద్దులు ఎవరివి వారివి అయినప్పుడు ఫలితం డబ్బిచ్చినవారి వైపు మొగ్గుతుందన్న అనుమానం బలపడింది. 1997లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌వో) 14040 ప్రమాణం, 2006లో దాని సవరణతో పాటు వచ్చిన 14044 లెక్కకు ఒక క్రమాన్నిచ్చాయి. వస్తువులను పోల్చి ఫలితాన్ని బయటపెట్టేవారు స్వతంత్ర నిపుణుల సమీక్షకు నిలబడాలన్న షరతు వాటిలో ఉంది. హద్దు ఎక్కడ గీయాలన్నది మాత్రం ఇప్పటికీ అధ్యయనం చేసేవారి చేతిలోనే ఉంది.

ఇక 131 సంగతి. 2006-07లో బ్రిటన్‌లో ఒక కుటుంబం నెల సరుకులను సూపర్‌మార్కెట్ నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి ఏ సంచి ఎంత భారం మోపుతుందన్నది ఆ ఇంగ్లండ్ నివేదిక తీసుకున్న ప్రశ్న. పాలిథిన్ కవరు బరువు సుమారు 8 గ్రాములే. గుడ్డ సంచి దానికి ఇరవై రెట్లకు పైగా బరువుంటుంది. పైగా పత్తికి నీరు, ఎరువు, పురుగుమందు ఎంత కావాలో గుంటూరు, వరంగల్ రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. అందువల్ల భూతాపం విషయంలో కవరు గెలిచింది. అదే కవరును చెత్తబుట్టలో తొడుగుగా మళ్లీ వాడితే గుడ్డ సంచిని 327 సార్లు వాడాలని కూడా ఆ నివేదిక చెప్పింది. కానీ వీధుల్లో పారేసిన కవర్ల ప్రభావాన్ని లెక్కించలేదని కూడా అందులోనే రాశారు. అంకె ప్రయాణించినంత దూరం ఆ వాక్యం ప్రయాణించలేదు.

2018లో డెన్మార్క్ నివేదిక సేంద్రియ పత్తి సంచిని దాదాపు 20,000 సార్లు వాడాలని చెప్పినప్పుడూ ఇదే జరిగింది. ఆ అంకె ప్రధానంగా ఓజోన్ పొరపై ప్రభావాన్ని బట్టి వచ్చింది. భూతాపం ఒక్కటే చూస్తే అది 149. చెత్తను పకడ్బందీగా సేకరించి కాల్చే ఆ దేశంలో వీధిచెత్త లెక్కించదగినంత లేదని అనుకున్నారు. అది డెన్మార్క్‌కు సరిపోవచ్చు. మురుగు కాలువలు పూడి వరదలు ముదిరిన అనుభవంతో 2002లో పలుచని కవర్లను నిషేధించిన బంగ్లాదేశ్‌కు ఆ ఊహ ఎలా సరిపోతుంది?

మన దేశం మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దారి పట్టింది. కవరు కనీస మందం 1999 నిబంధనల్లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. పలుచని కవరుకు తూకం రాదు కనుక చెత్త ఏరుకునేవారు దాన్ని ముట్టుకోరని, మందంగా ఉంటే మళ్లీ వాడతారని, వాడకపోయినా ఏరుకుంటారని ఇందులోని ఆలోచన. అది సబబైన ఆలోచనే. అయితే ఒకే కొలత గల కవరులో 20 నుంచి 120 మైక్రాన్లకు వెళితే ప్లాస్టిక్ ఆరు రెట్లవుతుంది. అది కూడా ఒక్కసారికే చెత్తకుప్ప చేరితే పెరిగేది భారమే. కాబట్టి నిబంధన పనిచేస్తోందా లేదా అన్నది మందంలో తేలదు, ఆ కవరు నిజంగా ఎన్నిసార్లు తిరిగి చేతికెక్కుతోందన్న దానిలో తేలుతుంది.

సముద్రంలో చేరిన ప్లాస్టిక్‌కు జీవితచక్ర మదింపులో చోటివ్వాలని 2017లో కొలంబియాలోని మెడెలిన్‌లో ఈ రంగ పరిశోధకులు ప్రకటన చేశారు. ఆ పని ఇంకా సాగుతోంది. 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ, ప్లాస్టిక్ పూర్తి జీవితచక్రానికి వర్తించే ఒప్పందం కావాలని తీర్మానించడంతో హద్దు గొడవ దేశాల మధ్యకు చేరింది. జీవితచక్రం ముడిపదార్థం తయారీ నుంచే మొదలవుతుంది కాబట్టి ఉత్పత్తికే పరిమితి పెట్టాలని అనేక దేశాలు, చెత్త నిర్వహణ వరకే మాట్లాడాలని చమురు ఉత్పత్తి చేసే దేశాలు పట్టుబట్టాయి. 2024 చివర్లో బూసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ జరిగిన సమావేశాలు ఒప్పందం కుదరకుండానే ముగిశాయి.